రుచి తెలియని రోజుల్లో వ్యాపకం

"ఊరికే కూర్చుని ఆలోచించకు, ఏదైనా వ్యాపకం పెట్టుకో."

మనసు బాగోలేని మనిషికి మన ఇళ్లలో మొదట దొరికే సలహా ఇదే. అమ్మ చెబుతుంది, మేనమామ చెబుతాడు, పక్కింటి పిన్నిగారు చెబుతారు. చెప్పేవాళ్ల ప్రేమలో లోపం లేదు. వినేవారికి మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుంది. ఒకప్పుడు సాయంత్రమయ్యేసరికి క్యారమ్ బోర్డు ముందు కూర్చున్న మనిషి, పాత పాటల కోసం అర్ధరాత్రి దాకా రేడియో వదలని మనిషి ఇప్పుడు వాటి వంక కన్నెత్తి చూడరు. అవి చేతికందే దూరంలోనే ఉంటాయి, చెయ్యి మాత్రం చాచబుద్ధి కాదు. "నాకేం నచ్చుతుందో నాకే తెలియడం లేదు" అంటారు. ఇంట్లోవాళ్లకు అది బద్ధకంలాగో మొండితనంలాగో వినిపిస్తుంది.

వైద్యులకు అది జబ్బు లక్షణం. కుంగుబాటు తీవ్రతను తెలుసుకోవడానికి ఎన్నో దేశాల్లో వాడే తొమ్మిది ప్రశ్నల పత్రం ఒకటుంది, పీహెచ్‌క్యూ-9 అంటారు. అందులో మొదటి ప్రశ్న ఏడుపు గురించి కాదు, నిద్ర గురించీ కాదు. గడిచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి, ఏ పనిలోనూ సంతోషం లేకుండా ఎన్ని రోజులు గడిచాయన్నది ఆ ప్రశ్న. దిగులు సంగతి రెండో ప్రశ్నలో వస్తుంది. వ్యాపకం పెట్టుకోమన్న సలహా సరిగ్గా ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. జబ్బు ఏది తీసుకుపోయిందో దాన్నే ముందు తెచ్చుకోమంటున్నాం.

ఈ స్థితికి 1896లో ఫ్రెంచి మనస్తత్వవేత్త తియోడ్యూల్ రిబో 'అన్‌హెడోనియా' అని పేరు పెట్టాడు. సుఖం తెలియకపోవడమని దాని అర్థం. మనకు ఇంకా దగ్గరి మాట ఉంది. అభిరుచి అనే మాటలోనే రుచి ఉంది. జ్వరం తగ్గి లేచిన మనిషికి నోరు చేదుగా ఉంటుంది. అలాంటప్పుడు ఇంట్లో పథ్యం పెడతారు. మెత్తగా ఉడికించిన అన్నం, మిరియాల చారు, పాత చింతకాయ పచ్చడి. మొదటి ముద్ద మట్టి తిన్నట్టే ఉంటుంది. అయినా "రుచి తెలిశాక తిందువుగానిలే" అని ఏ తల్లీ కంచం తీసేయదు. నాలుగు ముద్దలు లోపలికి పోతుంటేనే నోరు బాగుపడుతుందని ఆమెకు తెలుసు. కుంగుబాటులో ఉన్న మనిషికి వ్యాపకం కూడా పథ్యం లాంటిదేనని గత యాభై ఏళ్ల పరిశోధన చెబుతోంది. నచ్చేది దొరికాక మొదలుపెడదామనుకుంటే అది దొరకదు. కొంచెం మొదలుపెట్టి కొన్నాళ్లు సాగిస్తే నచ్చడం వెనక వస్తుంది, అదీ నెమ్మదిగా.

ఎందుకలా అన్నది మెదడు పనితీరులో ఉంది. డోపమైన్ అనే మాట ఇప్పుడు వాట్సాప్ సందేశాల్లోనూ కనిపిస్తోంది. దాన్ని ఆనందాన్నిచ్చే రసాయనమని చెప్పడం వాడుకైపోయింది. 1980ల దాకా శాస్త్రవేత్తల్లోనూ చాలామంది అలాగే అనుకున్నారు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్ బెరిడ్జ్, తన సహచరులతో కలిసి ఆ అభిప్రాయాన్ని ఎలుకల మీద పరీక్షించాడు. మెదడులో డోపమైన్ దాదాపు పూర్తిగా పోయేలా చేసిన ఎలుకలు తిండి ఎదురుగా ఉన్నా దాని దగ్గరికి పోలేదు. గొట్టంతో పోషిస్తేనే బతికాయి. అలాంటి ఎలుక నాలుక మీద తియ్యటి నీటి చుక్క వేస్తే ఏమైందంటే, అది మామూలు ఎలుకలాగే మూతి నాక్కుంది. తీపి దానికి తెలుస్తోంది, నచ్చుతోంది. దాని కోసం కదలాలన్న కోరిక మాత్రం పుట్టడం లేదు. కోరుకోవడం వేరు, ఆస్వాదించడం వేరు, మెదడులో రెండింటి ఏర్పాట్లూ వేరని ఈ ప్రయోగాలతో బయటపడింది.

మనుషుల్లో ఇదే విషయాన్ని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మైకేల్ ట్రెడ్‌వే బృందం ఒక చిన్న ఆటతో చూసింది. ఆటలో ప్రతిసారీ రెండు పనులు చూపిస్తారు. తేలిక పనిలో చూపుడు వేలితో 7 సెకన్లలో 30 సార్లు మీట నొక్కాలి, డబ్బు తక్కువ వస్తుంది. కష్టమైన పనిలో ఎడమచేతి చిటికెన వేలితో (ఎడమచేతివాటం వాళ్లయితే కుడిచేతి చిటికెన వేలితో) 21 సెకన్లలో 100 సార్లు నొక్కాలి, డబ్బు ఎక్కువ వస్తుంది. కుంగుబాటులో ఉన్నవాళ్లు మిగతావాళ్లకన్నా కష్టమైన పనిని తక్కువసార్లు ఎంచుకున్నారు. డబ్బు విలువ వాళ్లకు తెలియక కాదు. శ్రమకూ ఫలితానికీ మధ్య లోపల జరిగే లెక్కలో శ్రమ ఎప్పుడూ బరువుగా తూగుతోంది. హార్మోనియం పెట్టె మీద దుమ్ము దులపడం కొండెక్కినంత పనిగా తోచేది ఇందుకే. బయటివాళ్లకు అది రెండడుగుల దూరం. ఆ మనిషి మెదడు కట్టిన లెక్కలో అది చాలా దూరం.

ఇందులో ఆశ కలిగించే విషయం కూడా ఉంది. చాలామందిలో ఎక్కువగా దెబ్బతినేది ముందస్తు అంచనా. "దీనివల్ల నాకేం సంతోషం?" అని పనికి ముందు ప్రశ్నించుకుంటే వచ్చే జవాబు నిజం కన్నా నల్లగా ఉంటుంది. అందుకే మానసిక చికిత్సలో ఒక తేలికైన పద్ధతి వాడతారు. పని మొదలుపెట్టే ముందు, ఇది ఎంత బాగుంటుందని అనుకుంటున్నారో పదికి ఒక మార్కు రాసుకోమంటారు. పనయ్యాక నిజంగా ఎంత బాగుందో దాని పక్కన ఇంకో మార్కు. ముందు 1 వేసుకున్నవారు తర్వాత 3 వేసుకోవడం తరచూ జరుగుతుంది. పదికి మూడంటే గొప్పేమీ కాదు. కాని తన అంచనా తప్పింది, అదీ మంచి వైపు తప్పింది అన్న సంగతి సొంత దస్తూరీతో కాగితం మీద కనిపిస్తుంది. అలాంటి కాగితాలు పది పోగయితే, "ఏం చేసినా ఒకటే" అన్న మాటకు ఎదురుగా చూపించడానికి ఒక రుజువు ఉంటుంది.

అభిజ్ఞా చికిత్సకు (కాగ్నిటివ్ థెరపీకి) ఆద్యుడైన ఆరన్ బెక్ ఇందులో మరో అంశం చేర్చాడు. ఎంత సంతోషం కలిగింది, ఎంత సాధించానన్న తృప్తి కలిగింది అని రెండింటినీ విడివిడిగా కొలవమన్నాడు. నాకు ఇది చాలా విలువైన విభజన అనిపిస్తుంది. మొదటి వారాల్లో సంతోషం గడిలో సున్నా పడవచ్చు. మొక్కకు కుండీ మార్చడంలో ఆనందం తెలియకపోవచ్చు. కాని కుండీ మారింది, మొక్క నిలబడింది. రెండో గడిలో రెండో మూడో వేసుకునే హక్కు ఆ మనిషికుంది.

కుంగుబాటుకు ఇలా పనుల వైపు నుంచి దారి వెతికినవారిలో ముఖ్యుడు పీటర్ లెవిన్‌సన్. 1970లలో ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ ఆయన ఒక వలయాన్ని వివరించాడు. మనసు బాగోలేక మనిషి పనులు తగ్గిస్తాడు. పనులు తగ్గేకొద్దీ వాటినుంచి వచ్చే చిన్నచిన్న ప్రతిఫలాలు, ఒక పలకరింపు, ఒక మెచ్చుకోలు, చెమట పట్టాక తగిలే గాలి, అవీ తగ్గిపోతాయి. అవి తగ్గితే మనసు ఇంకా కుంగుతుంది. ఇంకొన్ని పనులు రాలిపోతాయి. లంఖణం పరమౌషధం అంటాం. ఈ జబ్బులో మాత్రం లంఖణమే జబ్బును పెంచుతుంది. లెవిన్‌సన్, ఆయన సహచరుడు మెక్‌ఫిలమీ కలిసి మనుషులకు సంతోషాన్నిచ్చే 320 పనులతో ఒక జాబితా తయారుచేశారు. పెద్ద పెద్ద కోరికలతో పాటు మామూలు రోజువారీ పనులకూ అందులో చోటిచ్చారు.

1996లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నీల్ జేకబ్‌సన్ ఒక సాహసమైన పరీక్ష చేశాడు. అప్పటికి బెక్ చికిత్సకు గొప్ప పేరుంది. అందులో రోగిని పనుల వైపు నడిపించే భాగం ఉంటుంది, తప్పుడు ఆలోచనలను పట్టుకుని సరిదిద్దే భాగం ఉంటుంది, ఇంకా లోతున పాతుకుపోయిన నమ్మకాలను కదిలించే భాగం ఉంటుంది. జేకబ్‌సన్ 150 మంది రోగులను మూడు జట్లు చేసి, ఒక జట్టుకు పనుల భాగం ఒక్కటే ఇచ్చాడు. పూర్తి చికిత్స పొందిన జట్టు కన్నా వాళ్లు వెనకబడలేదు. ఆరు నెలల తర్వాత చూసినా తేడా రాలేదు. ఆలోచన మారితేనే నడత మారుతుందని నమ్మిన చాలామందికి ఇది గట్టి కుదుపు. నడత నుంచి మొదలుపెట్టినా మనసు దాకా చేరవచ్చని తేలింది. ఆ తర్వాత ఈ పద్ధతి బిహేవియరల్ యాక్టివేషన్ పేరుతో సొంతంగా నిలబడింది. 2016లో ఇంగ్లండ్‌లో 440 మంది మీద జరిగిన పరీక్ష కూడా దాన్ని బలపరిచింది.

మన దేశానికి సంబంధించినంత వరకు నేను అన్నిటికన్నా ముఖ్యమని భావించేది గోవాలో జరిగిన పరీక్ష. విక్రమ్ పటేల్ ఆధ్వర్యంలో సంగాత్ అనే సంస్థ చేసింది. ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. జరిగిన చోటు పెద్ద ఆసుపత్రి కాదు, పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు. వచ్చినవాళ్లు జ్వరానికో నొప్పులకో మందు కోసం వచ్చినవాళ్లు. వాళ్లలో పీహెచ్‌క్యూ-9 ప్రకారం ఓ మోస్తరు దాటి తీవ్రమైన కుంగుబాటు ఉన్న 495 మందిని తీసుకున్నారు. చాలావరకు ఆడవాళ్లే. అందరికీ మామూలు వైద్యం, మార్గదర్శకాలతో సహా, అందింది. సగంమందికి దానితో పాటు కౌన్సెలర్ సాయం కూడా అందింది. ఆ కౌన్సెలర్లు సైకాలజీ చదివినవాళ్లు కాదు. మానసిక వైద్యంలో ముందెప్పుడూ పనిచేయని స్థానికులు, కొన్ని వారాల శిక్షణతోనూ ఆ తర్వాత పర్యవేక్షణలోనూ తయారైనవాళ్లు.

ఆ సాయం ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు. కౌన్సెలర్ చేసే పని చెబితే ఇంతేనా అనిపిస్తుంది. రోజు ఎలా గడుస్తోందో అడుగుతారు. ఏ పని మానేశాక మనసు ఎలా మారిందో రోగి చేతే చూపిస్తారు. మళ్లీ చేయదగిన పనులు వెతుకుతారు, పెద్ద పనిని చిన్న ముక్కలు చేస్తారు, ఫలానా రోజు ఫలానా వేళ అని నిర్ణయిస్తారు, వీలైతే ఇంట్లోవాళ్లను కలుపుకుంటారు. తర్వాతి సిట్టింగులో ఏం జరిగిందో అడుగుతారు. మూడు నెలలకు చూస్తే, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో నూటికి 39 మంది తేరుకున్నారు. కౌన్సెలర్ సాయం కూడా అందినవాళ్లలో నూటికి 64 మంది తేరుకున్నారు. ఏడాది తర్వాత చూసినా మేలు నిలిచే ఉంది. ఆ మేలులో చాలా భాగం రోగులు మళ్లీ పనుల్లో పడటం వల్ల వచ్చిందనీ లెక్కల్లో తేలింది. గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సాధ్యమైనది మన మండల కేంద్రాల్లో ఎందుకు సాధ్యం కాదన్నది అడగవలసిన ప్రశ్న. నిమ్‌హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం, కుంగుబాటు, ఆందోళనల వంటి సాధారణ మానసిక సమస్యలున్న నూరుమందిలో 85 మందికి చికిత్స అందడం లేదు. ఆ పన్నెండింటిలో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. మన పరిస్థితి అంతకన్నా మెరుగ్గా ఉంటుందని అనుకోవడానికి నాకు కారణం కనిపించదు.

ఇంతవరకు చెప్పింది కుంగుబాటు సంగతి. ఆందోళన అడ్డుపడే తీరు వేరు. అక్కడ కోరిక చావదు, భయం దారి మూస్తుంది. పాట నేర్చుకోవాలనుంటుంది, నలుగురూ వింటారేమోనని గొంతు పెగలదు. బ్యాడ్మింటన్ ఆడాలనుంటుంది, కొత్తవాళ్ల మధ్య నిలబడాలనేసరికి గుండె దడదడలాడుతుంది. ఈ పూటకు వద్దులే అనుకున్న క్షణంలో ఎంతో హాయిగా ఉంటుంది. చిక్కంతా ఆ హాయిలోనే ఉంది. తప్పుకుంటే భయం తగ్గుతుందని మెదడు నేర్చుకుంటుంది, రేపు ఇంకా త్వరగా తప్పుకోమంటుంది.

తెల్ల కాగితం ముందు కలిగే బెదురుకు విన్‌స్టన్ చర్చిల్ రాసుకున్న అనుభవం మంచి సాక్ష్యం. ఆయన బ్రిటన్ ప్రధానిగా ఉండగా వచ్చిన 1943 బెంగాల్ కరువు గుర్తున్న దేశం మనది, ఆయన్ను అభిమానించవలసిన పనిలేదు. ఈ అనుభవం మాత్రం తెలుసుకోదగ్గది. 1915లో డార్డనెల్స్ యుద్ధయాత్ర విఫలమై, పదవి పోయి, నలభై ఏళ్ల వయసులో ఆయన పల్లెటూరి ఇంట్లో కుమిలిపోతున్నాడు. తమ్ముడి భార్య రంగులతో బొమ్మ వేస్తుంటే చూసి తనూ మొదలుపెట్టాడు. అంతకుముందెన్నడూ కుంచె పట్టినవాడు కాదు. కాన్వాస్ ముందు చెయ్యి రాలేదు. చాలాసేపటికి చిన్న కుంచెతో చిక్కుడు గింజంత నీలం మచ్చ పెట్టి ఆగిపోయాడు. అంతలో చిత్రకారుడు జాన్ లేవరీ భార్య హేజెల్ కారు దిగి వచ్చింది. పెద్ద కుంచె అందుకుని, రంగులో ముంచి, బెదిరిపోయి ఉన్న ఆ కాన్వాస్ మీద ధాటిగా నాలుగు గీతలు గీసింది. కాన్వాస్ ఎదురు తిరగలేదు. దాంతో ఆయన భయం వదిలింది. ఆ తర్వాత జీవితమంతా వేసినవి 500 బొమ్మలు దాటాయి. తన దిగులును నల్ల కుక్క అని పిలిచిన మనిషికి రంగులు ఎంత ఆసరా అయ్యాయో ఆయన వ్యాసంగా రాశాడు. ఆమె పాఠమేమీ చెప్పలేదన్నది గమనించాలి. పక్కన నిలబడి, కాన్వాస్‌ను పాడుచేస్తే ఏమీ కాదని చేసి చూపించింది.

పెద్దల సలహాలో "ఊరికే కూర్చుని ఆలోచించకు" అన్న మొదటి సగానికి ఒక భూకంపం సాక్ష్యమిచ్చింది. 1989లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సూసన్ నోలెన్-హోక్సిమా విద్యార్థుల చేత కొన్ని ప్రశ్నపత్రాలు నింపించింది. దిగులు కలిగినప్పుడు ఎవరెవరు దాన్నే తిరగేసి మరగేసి ఆలోచిస్తారో వాటిలో నమోదైంది. రెండు వారాలు గడిచాయో లేదో, అక్టోబరు 17న లోమా ప్రియెటా భూకంపం వచ్చి ఆ ప్రాంతాన్ని కుదిపేసింది. ఆమె మళ్లీ అదే విద్యార్థుల్ని పదో రోజునా, ఏడు వారాల తర్వాతా పరీక్షించింది. "నాకే ఎందుకిలా" అని తవ్వుకునే అలవాటు ముందునుంచీ ఉన్నవాళ్లలో కుంగుబాటు ఎక్కువగా, ఎక్కువకాలం కనిపించింది. ఆలోచన అక్కడక్కడే తిరగడం జబ్బుకు నీరుపోస్తుంది. కాని ఆలోచించకు అని చెప్పినంత మాత్రాన ఎవరి ఆలోచనా ఆగదు. ఆ చోటును ఇంకోటి ఆక్రమించాలి.

ఎలాంటిది ఆక్రమిస్తుంది? ఆక్స్‌ఫర్డ్‌లో ఎమిలీ హోమ్స్ బృందం 2009లో ఒక ప్రయోగం చేసింది. ప్రమాదాల దృశ్యాలున్న సినిమా చూపించి, అరగంట తర్వాత కొంతమంది చేత పది నిమిషాలు టెట్రిస్ ఆడించారు. పైనుంచి పడే ముక్కల్ని తిప్పి సందుల్లో ఇమిడ్చే ఆట అది. ఆ తర్వాతి వారంలో, ఆడినవాళ్ల కళ్లముందు ఆ దృశ్యాలు తక్కువసార్లు మెదిలాయి. మాటల క్విజ్ ఆడినవాళ్లకు ఆ మేలు కలగలేదని తర్వాతి ప్రయోగంలో తేలింది. మనసులో బొమ్మలు కట్టే చోటు ఇరుకైనది, దాన్ని ఆకారాలు, దిక్కులు నింపేస్తే పీడించే బొమ్మకు చోటు చాలదని వారి వివరణ.

ఇది చదివినప్పుడు నాకు మెలికల ముగ్గు గుర్తుకొచ్చింది. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేవరకు. గీత ఏ చుక్కను చుట్టి ఎటు మళ్లాలో ముందే చూసుకోవాలి, పిండి జారే వేళ్లు అదుపులో ఉండాలి, ఒక్క మలుపు తప్పితే అటువైపు కలవదు. ముగ్గు మందులా పనిచేస్తుందని నేను చెప్పడం లేదు. కంటికీ చేతికీ లెక్కకూ ఒకేసారి పని పెట్టే విద్యల్లో అదొకటని చెబుతున్నాను. అల్లికలు, పూలమాల కట్టడం, చెక్కపని, సైకిల్ విప్పి బిగించడం, వీణ మీద సరళీ స్వరాలు ఆ కోవలోకే వస్తాయి. ఫోన్‌లో వేలితో రీళ్లు తోస్తూ పోవడం రాదు. అందులో చెయ్యి కదులుతుంది, మనసుకు పని ఉండదు, వెనక పాత ఆలోచన తిరుగుతూనే ఉంటుంది.

చేతకాదే అన్న సంకోచానికీ జవాబుంది. డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్లకు రంగు పెన్నులు, బంకమట్టి, కత్తిరించి అంటించే కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చింది చేయమంది. ముందూ వెనకా లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కొలిచారు. దాదాపు నాలుగింట మూడు వంతుల మందిలో అది తగ్గింది. అంతకుముందు బొమ్మలు వేసిన అనుభవం ఉన్నా లేకున్నా పెద్ద తేడా రాలేదు. చిన్న అధ్యయనం, ఆరోగ్యవంతుల మీద జరిగింది, దానికి మించిన బరువు దాని మీద పెట్టకూడదు. ప్రతిభ ఉండాలన్న షరతు మాత్రం అందులో కనపడలేదు.

ఇతరులతో కలవడమంటేనే బెదిరేవారికి పాటకచేరీ కన్నా బృందగానం నయం. ఇంగ్లండ్‌లో వయోజనుల తరగతులను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు నెలలు గమనించారు. పాటల తరగతులు, చేతిపనుల తరగతులు, రచన నేర్పే తరగతులు. చివరికి అన్నిచోట్లా స్నేహాలు కుదిరాయి. పాటల తరగతుల్లో మాత్రం దగ్గరితనం మొదటి నెలలోనే వచ్చేసింది. ఎవరి గురించి ఎవరూ ఏమీ చెప్పుకోకుండానే వచ్చింది. మన ఊళ్లలో సాయంత్రం గుడి దగ్గర కోలాటం నేర్పుతున్నారు, భజన బృందాలున్నాయి. అక్కడ మాట్లాడి మెప్పించాల్సిన పనిలేదు. ఎదుటివారి కర్రకు మీ కర్ర తగిలితే చాలు.

వ్యాపకాన్ని పాడుచేసే అలవాటు ఒకటి ఇప్పుడు బాగా ముదిరింది. పిల్ల రెండు బొమ్మలు వేస్తే పోటీకి పంపుతున్నారు. కోడలు నాలుగు కేకులు చేస్తే యూట్యూబ్ ఛానల్ పెట్టమంటున్నారు. 1973లో స్టాన్‌ఫర్డ్ ఆవరణలోని పిల్లల బడిలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ ఒక సంగతి చూశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టపడే పిల్లలను ఎంచుకుని, కొందరికి బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న పత్రం ఇస్తామని ముందే చెప్పారు, ఇచ్చారు. ఒకటి రెండు వారాల తర్వాత తరగతిలో పెన్నులు మామూలుగా పెడితే, బహుమతి ఆశతో వేసిన పిల్లలు వాటిని ముట్టుకున్న సమయం మిగతా పిల్లలు ముట్టుకున్న దానిలో సగమే. ఆట పనిగా మారిపోయింది. ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లలకే అలా జరిగితే, కోరికే సన్నగిలిన మనిషి మొదటి బొమ్మకు ఎన్ని లైకులొచ్చాయో లెక్కపెట్టుకోవడం ఎంత హానో ఊహించవచ్చు. కనీసం మొదటి ఆరు నెలలు ఎవరికీ చూపించకండి. ఆ తర్వాత కూడా అడిగినవాళ్లకే చూపించండి.

ఇక మొదలుపెట్టే తీరు. ఒకప్పుడు ఇష్టమైన పని తీసుకోవడం తేలిక. అయితే అందులో మీకు మంచి నేర్పు ఉండి ఉంటే, నిన్నటి చేతికీ నేటి చేతికీ పోలిక బాధపెడుతుంది. పదేళ్లు సంగీతం నేర్చుకున్నవారికి జబ్బు రోజుల్లో పాట కన్నా పెరట్లో కొత్తిమీర మడి నయం కావచ్చు. కొత్తిమీరతో పాత పోలికలేవీ ఉండవు. వారంలో ఆకు కనపడకపోయినా పది పన్నెండు రోజుల్లో మొలక కనిపిస్తుంది. సమయం పది నిమిషాలు చాలు, ఐదైనా ఫరవాలేదు. వేళ మాత్రం మార్చొద్దు, "కాఫీ తాగి గ్లాసు పెట్టగానే" అని రోజూ ఎలాగూ చేసే పనికి ముడివేస్తే గుర్తుపెట్టుకునే భారం ఉండదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లోనే కుదిరింది, కొందరికి 254 రోజులు పట్టవచ్చని లెక్క తేలింది. ఒక రోజు తప్పినందువల్ల పెద్దగా నష్టం జరగలేదు. కుంగుబాటులో రోజులు తప్పుతాయి. తప్పిన మర్నాడు మళ్లీ గ్లాసు పెట్టగానే మొదలుపెట్టవచ్చు.

ఆడవాళ్ల విషయంలో అడ్డంకి మనసులో కన్నా గడియారంలో ఎక్కువ ఉంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు వెచ్చించారు, ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. అలాంటి ఇంట్లో ఆవిడను వ్యాపకం పెట్టుకోమనడానికి ముందు, ఆ 299లోంచి ముప్పై నిమిషాలు ఎవరు తీసుకుంటారో తేల్చాలి. సాయంత్రం అంట్లు ఇంకొకరు తోమితే ఆ చికిత్స సగం మొదలైనట్టే.

వ్యాపకం వల్ల మేలు ఎంతమందిలో కనిపిస్తుందన్నదానికి 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో పెద్ద లెక్క వచ్చింది. 16 దేశాల్లో 65 ఏళ్లు దాటిన 93,263 మంది వివరాలవి. హాబీ ఉన్నవాళ్లలో కుంగుబాటు లక్షణాలు తక్కువగా, జీవితం పట్ల తృప్తి ఎక్కువగా కనిపించాయి. హాబీ వల్లే అలా ఉన్నారా, బాగున్నందువల్ల హాబీ పెట్టుకోగలిగారా అన్నది ఇలాంటి గమనింపుతో పూర్తిగా తేలదు. గోవా పరీక్ష లాంటివి అందుకే నాకు ఎక్కువ విలువైనవి.

వైద్యానికి బదులుగా వ్యాపకాన్ని నిలబెట్టకూడదు. మందులు వాడుతున్నవారు నాలుగు రోజులు మనసు తేలికపడిందని వాటిని సొంతంగా మానొద్దు. దిగులు, ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా ఇలాంటి నీరసాన్నే తెస్తాయి, వాటిని పరీక్షతోనే పట్టుకోగలరు. మంచం దిగలేనంత కుంగుబాటులో ఉన్న మనిషికి ముందు కావలసింది చికిత్స, తర్వాతే కుండీలూ కుంచెలూ. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ క్షణమే ఎవరికైనా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంట్లోవాళ్లకు ఒక మనవి. "ఏదైనా వ్యాపకం పెట్టుకో" అనే మాటలో 'ఏదైనా' అన్నది చాలా బరువు. ఎంచుకునే శక్తే జబ్బు లాగేసుకున్న మనిషి ముందు వంద దారులు పరుస్తుంది. ఒక్కటే పేరు పెట్టి చెప్పండి, వేళ చెప్పండి, పక్కన మీరు కూర్చోండి. ఈ సాయంత్రం ఆరింటికి క్యారమ్ బోర్డు మీరే దించి, పౌడరు మీరే చల్లి, కాయలు మీరే పేర్చండి. ఒక్క ఆట చాలు. బాగుందా అని మాత్రం వెంటనే అడగొద్దు.